పంచాయతీ రోడ్డు వేసేవాళ్లకు శిక్షణ ఎవరిస్తారు?

రాజోలు: మా ఊరి కాలువ గట్టు రోడ్డు ఒక్క వానాకాలానికే కుంగిపోయింది. బంకమట్టి నేల, పైగా చేపల లారీలు. ఇలాంటి చోట రోడ్డెలా వెయ్యాలో స్థానిక ఇంజనీర్లకు నేర్పే జాతీయ సంస్థ ఉందా అండి?

అమలాపురం (ఇప్పుడు డల్లాస్): అమెరికాలో 1982లో మొదలైన ఎల్‌టాప్ (స్థానిక రోడ్డు సిబ్బందికి శిక్షణ, సాంకేతిక సాయం ఇచ్చే ప్రభుత్వ కార్యక్రమం) కింద ప్రతి రాష్ట్రానికీ ఒక కేంద్రం ఉందండి, చాలావరకు యూనివర్సిటీల్లోనే, కౌంటీ రోడ్డు సిబ్బందికి గ్రేడర్ (రోడ్డు చదును చేసే యంత్రం) నడపడం నుంచి డ్రైనేజీ దాకా నేర్పుతారు. ఆ కేంద్రాలన్నిటినీ కలిపే జాతీయ సంఘం ఎన్‌ఎల్‌టాపా. చాలా మంచి పద్ధతి, మనకీ జిల్లాల దాకా రావాలి.

భీమవరం: మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇంజనీర్ల సంస్థ, 1934లో పుట్టిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, గ్రామీణ రోడ్లకు ఎస్‌పీ 20 మాన్యువల్ ఇచ్చింది. ముందు రోడ్డు పక్కన నీళ్లు పోయే దారుందా చూడండి, డెల్టాలో సగం రోడ్లు అక్కడే పోతాయి.

రాజోలు: దారి లేదండి, పూడ్చేశారు. గ్రామసభలో అడుగుతాను.