అప్‌గ్రేడ్ తర్వాత ఒక వీఎంలో నెట్ లేదు, ఇంకోటి అసలు తెరుచుకోవడం లేదు

నమస్కారమండీ. వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్‌ని కొత్త మేజర్ వెర్షన్‌కి మార్చాక రెండు వీఎంలు (కంప్యూటర్ లోపల నడిచే వర్చువల్ మెషీన్లు) మొరాయిస్తున్నాయి.

మొదటిది లినక్స్ గెస్ట్, అంటే ఆ వీఎం లోపల నడిచేది లినక్స్. బూట్ అవుతోంది, లాగిన్ అవుతోంది, నెట్‌వర్క్ మాత్రం లేదు. నెట్‌వర్క్ కార్డుల్ని చూపించే 'ఐపీ లింక్' కమాండ్ కొట్టి చూస్తే ఇంతకుముందు ఈఎన్‌ఎస్3 అని ఉండే కార్డు ఇప్పుడు ఈఎన్‌ఎస్4 అని, పక్కనే డౌన్ అని చూపిస్తోంది. నెట్‌వర్క్ సెట్టింగ్‌లుండే నెట్‌ప్లాన్ ఫైల్లో ఇంకా పాత పేరే ఉంది. వర్చువల్ హార్డ్‌వేర్‌లో కార్డు కూర్చునే పీసీఐ స్లాట్ మారి పేరు కూడా మారిందని నా అనుమానం. ఫైల్లో పేరు మార్చేస్తే చాలా, లేక మ్యాక్ అడ్రస్‌తో (కార్డు గుర్తింపు నంబర్‌తో) మ్యాచ్ చేయడం మేలా? అప్‌గ్రేడ్ చేసినప్పుడల్లా ఈ గొడవ నావల్ల కాదు.

అసలు టెన్షన్ రెండోదానితోనే. అది సస్పెండ్‌లో ఉంది, అంటే నడుస్తుండగానే మెమరీతో సహా సేవ్ చేసి ఆపింది. స్టార్ట్ నొక్కితే సేవ్డ్ స్టేట్ ఈ వెర్షన్‌కి సరిపోదంటూ ఆగిపోతోంది. స్టేట్ డిస్కార్డ్ చేస్తే నడుస్తున్న మెషీన్‌కి కరెంటు తీసేసినట్టే కదా: డిస్క్ మిగులుతుంది, మెమరీలో ఉన్నది పోతుంది. లోపల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడుస్తోంది. తన మార్పుల లాగ్ చూసుకుని అదే కోలుకుంటుందని తెలిసినా చెయ్యి ఆడటం లేదు.

పాత వెర్షన్ మళ్లీ వేసి, వీఎంని మామూలుగా షట్‌డౌన్ చేసి, ఆ తర్వాత కొత్తది వేస్తే పనవుతుందా? ఎవరైనా చేసి చూశారా? డిస్క్, స్టేట్ ఫైళ్ల కాపీలు వేరే డ్రైవ్‌లో ఉన్నాయి. వీఎం లాగ్ కావాలంటే పెడతాను.