రెండు పాస్‌వర్డులుంటే రెండంచెల భద్రత అయినట్టేనా?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట):
నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకు లెక్కలు రాస్తాను. రైతుల పట్టీలు, జీఎస్టీ కాగితాలు అన్నీ కొట్టు ఈమెయిలుకే వస్తాయి. దానికి పాస్‌వర్డుతో పాటు "మీరు చదివిన మొదటి బడి ఏది" అన్న ప్రశ్న కూడా పెట్టి నిశ్చింతగా ఉంటే, అది ఒక్క అంచె కిందే లెక్క అని మా అబ్బాయి అంటున్నాడు. ఫోనుకు ఓటీపీ పెట్టుకుందామంటే, మా షావుకారు గారు సీజనంతా టిక్కీల (మిర్చి బస్తాల) మధ్యే ఉంటారు, అక్కడ సిగ్నల్ అందదు. ఏం చేయాలో దయచేసి చెప్పగలరు.

సమాధానం (విజయవాడ, గవర్నర్‌పేట):
మీ అబ్బాయి చెప్పిందే సరైనదండీ. మనకు తెలిసినది, మన చేతిలో ఉన్నది, వేలిముద్ర వంటి మన ఒంటిది అని ఆధారాలు మూడు రకాలు. వీటిలో కనీసం రెండు వేర్వేరు రకాలు కలిస్తేనే రెండంచెలు. బడి పేరు కూడా పాస్‌వర్డులాగా తెలిసిన విషయమే, పైగా ఊళ్లో పదిమందికీ తెలిసినది. ఏటీఎంలో కార్డు చేతిలో ఉన్నది, పిన్ తెలిసినది. అందుకే పిన్ విన్నవాడు కార్డు లేకుండా డబ్బు తీయలేడు.

సమాధానం (గుంటూరు, లక్ష్మీపురం):
సిగ్నల్ సంగతికి వస్తే, అథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. మొదట క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడే ఒక రహస్య సంఖ్య ఫోనులో చేరుతుంది. అదే సంఖ్య అవతల సర్వరులోనూ ఉంటుంది కాబట్టి, రెండూ దానికి అప్పటి సమయాన్ని జోడించి, సాధారణంగా 30 సెకన్లకు ఒకసారి, ఎవరికి వారే ఒకే 6 అంకెల కోడ్ లెక్కగడతాయి. 2011లో ప్రమాణంగా వెలువడిన పద్ధతి ఇది; దీనికి నెట్ గానీ సిమ్ గానీ అక్కరలేదు. గడియారం మాత్రం సరిగ్గా ఉండాలి. నా ఫోనులో టైము అయిదు నిమిషాలు ముందుకు పెట్టుకున్న రోజున ఏ కోడ్ కొట్టినా తప్పనే వచ్చి, ఒక పూటంతా పాస్‌వర్డునే అనుమానించాను. స్కాన్ చేసే సమయంలోనే షావుకారు గారి ఫోనూ మీ ఫోనూ రెండూ చూపిస్తే, రెండింటిలోనూ ఒకే కోడ్ వస్తుంది.

సమాధానం (విజయవాడ, పటమట):
ఒక్క మాట చేరుస్తాను. మన పేరుతో మరొకరు డూప్లికేట్ సిమ్ తీసుకుంటే ఎస్ఎంఎస్ ఓటీపీ వాళ్లకే పోతుంది. యాప్ కోడుకు ఆ బెడద లేదు. అయితే అసలు పేజీలాగే కనిపించే దొంగ పేజీలో కొడితే యాప్ కోడూ దొంగ చేతికి చిక్కుతుంది. అక్కడ నిలబడేది పాస్‌కీ, అంటే పాస్‌వర్డుకు బదులు ఫోనులోనే ఉండి వేలిముద్రతోనో ఫోను లాక్‌తోనో పనిచేసే డిజిటల్ తాళంచెవి, ఎందుకంటే అది వెబ్‌సైటు చిరునామాను తానే సరిచూసుకుంటుంది. డబ్బు పోయిందని తెలిస్తే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలండీ. ఈ మధ్యాహ్నం రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ఆరంకెలు ఒకేసారి మారాయి. ఫోను పోతే పనికివచ్చే బ్యాకప్ కోడ్లను కాగితం మీద రాసి, షావుకారు గారి ఇనప్పెట్టెలో పెట్టించాను.