రొమాంటిక్ కామెడీకి బెంగళూరులో థియేటర్ దాకా వెళ్లాలా, ఓటీటీ చాలదా?

సిల్క్‌బోర్డ్ సుబ్బు
మాస్ సినిమాకి థియేటర్ కావాలంటే ఒప్పుకుంటా. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సినిమాకి ఎందుకండీ? వీకెండ్ మల్టీప్లెక్స్ రేటు, టికెట్ వంద దాటితే 18 శాతం జీఎస్టీ, బుకింగ్ ఫీజు, ఆపైన ట్రాఫిక్. 2025 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం 200 రూపాయల పరిమితి తెచ్చింది, ఆ నెలలోనే హైకోర్టు స్టే ఇచ్చింది. ఇంత పెట్టి వెళ్తే జనం నవ్వులో తర్వాతి డైలాగు పోతుంది. ఇంట్లో అయితే వెనక్కి జరిపి వినొచ్చు. నా ఓటు ఓటీటీకే.

ఎడిటింగ్ టేబుల్
సుబ్బు గారూ, వెనక్కి జరిపారంటే ఆ జోకు అయిపోయినట్టే. ఒక సీను అనుకోండి. పెళ్లిచూపుల్లో అబ్బాయి "వంటంతా నేనే చేస్తా" అని కోస్తాడు. ఎవరూ మాట్లాడరు. వాళ్లమ్మ కప్పు సాసర్లో పెట్టబోయి ఆగిపోతుంది. క్లోజప్‌లో అమ్మాయి కనుబొమ్మ ఒక్కటి లేస్తుంది. రెండు సెకన్లు, సెకనుకి 24 బొమ్మల లెక్కన 48 ఫ్రేములు. అది హాలు నవ్వడానికి ఎడిటర్ వదిలిన జాగా. తక్కువ వదిలితే మీరన్నట్టే డైలాగు మునుగుతుంది, తప్పు అక్కడ ఎడిటింగ్‌ది. సరిగ్గా వదిలినదాన్ని ఇంట్లో ఒక్కరే చూస్తే "ల్యాగ్" అనిపిస్తుంది. ఫోన్లో అయితే ఆ కనుబొమ్మే కనపడదు. నవ్వుల మీద పరిశోధన చేసిన రాబర్ట్ ప్రొవైన్, మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడని తేల్చారు.

మడివాళ మ్యాట్నీ
నలుగురు ఉండాలంటే సరే, ఏ నలుగురన్నది ముఖ్యం. పేరున్న హీరో సినిమాకి మొదటిరోజు మొదటి ఆట వద్దు. ఈలల్లో మెల్లగా చెప్పే మాటలన్నీ పోతాయి. వారం మధ్య ఉదయం ఆటా వద్దు. 250 సీట్లలో 40 మంది తలా ఒక మూల కూర్చుంటే నవ్వు పక్క వరుసకి కూడా పాకదు. శని, ఆదివారాల సాయంత్రం ఫస్ట్ షో, చిన్న స్క్రీన్, సగం పైగా నిండినది చూసుకోండి. ఖాళీగా ఉందని దూరంగా కూర్చోకుండా జనం ఉన్న వరుసల్లోనే తీసుకోండి.

సిల్క్‌బోర్డ్ సుబ్బు
మరి సబ్‌టైటిల్స్ సంగతో? మారతహళ్లి వైపు తెలుగు షోలకి కన్నడ, తమిళ స్నేహితులూ వస్తారు. పంచ్ లైను నటుడి నోట్లో ఉండగానే కింద మొత్తం పడిపోతుంది. చదివినవాళ్లు ముందే నవ్వేస్తారు, వింటున్నవాళ్లకి చివరి మాట అందదు.

ఎడిటింగ్ టేబుల్
ఇది నిజమైన ఇబ్బందే, కాదనను. పంచ్‌ని విడగొట్టి రెండో ముక్కగా ఆలస్యంగా వేస్తే సరిపోతుంది. చాలామంది ఆ కష్టం పడరు. మీ బృందంలో అందరికీ తెలుగు వస్తే సబ్‌టైటిల్స్ లేని షో చూసుకోవడమే మేలు.

సౌండ్ శీను
సీటు మాట ఎవరూ ఎత్తలేదు! మాటలు ప్రధానంగా తెర వెనకున్న మధ్య స్పీకర్లోంచి వస్తాయి. హాలు సౌండ్ సరిచేసేటప్పుడు కొలత తీసుకునేది తెర నుంచి మూడింట రెండు వంతుల దూరంలో. 15 వరుసలుంటే తెర నుంచి పదోది, మధ్య సీట్లు. యాప్‌లో వరుస అక్షరాన్ని నమ్మకండి, ఒకచోట 'A' వరుస తెర దగ్గర, ఇంకోచోట వెనక గోడ దగ్గర. తెర గుర్తు ఎటుందో చూసి లెక్కపెట్టండి.

హాలు సౌండ్ ప్రాసెసర్‌లో ఫేడర్, అంటే వాల్యూమ్, 7 దగ్గర ఉండటం ప్రామాణికం. గోల ఎక్కువైందని ఎవరో ఫిర్యాదు చేశాక దాన్ని తగ్గించి అలాగే వదిలేసే హాళ్లున్నాయి. ఫైట్ సినిమా తట్టుకుంటుంది, గుసగుసలాడే సినిమా తట్టుకోదు. మాటలు సన్నగా ఉంటే ఇంటర్వెల్ దాకా ఆగకండి, మొదటి పది నిమిషాల్లోనే తలుపు దగ్గరి స్టాఫ్‌కి చెప్పండి, వాకీటాకీలో ప్రొజెక్షన్‌కి చెప్తారు.

సుబ్బు గారూ, ఇంట్లోనే చూస్తానంటే ఆడియో మెనూలో 5.1 (ఆరు ఛానెళ్ల సౌండ్) తీసి స్టీరియో (రెండు ఛానెళ్లది) పెట్టండి. రెండు స్పీకర్ల టీవీ 5.1ని కుదిస్తే సంగీతం మాటల మీద పడుతుంది. మోషన్ స్మూతింగ్ (టీవీ తనే మధ్యలో ఫ్రేములు చేర్చి కదలికను నునుపు చేసే సెట్టింగ్) కూడా ఆపండి, క్లోజప్‌లు సీరియల్‌లా కనిపించేది దానివల్లే.

సిల్క్‌బోర్డ్ సుబ్బు
స్టీరియో ఆప్షన్ లేని యాప్‌లో ఏం చేయాలి?

సౌండ్ శీను
టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో "క్లియర్ వాయిస్" లాంటిది ఉంటుంది, అది ఆన్ చేయండి. మాటలు తేలతాయి. 48 ఫ్రేముల జాగాలో నవ్వేవాళ్లని మాత్రం మీరే పిలుచుకోవాలి.