గ్యాంగ్‌స్టర్ ర్యాపా, గ్యాంగ్‌స్టా ర్యాపా? చివరి ర్ సంగతి

నల్లరేగడి:
రెండ్రోజులుగా ఒక మాట బుర్రలో తిరుగుతోంది, పూర్తిగా గుర్తు రావడం లేదు. అమెరికన్ ర్యాపర్ టుపాక్ షకూర్ ఏదో టీవీ ఇంటర్వ్యూలో అన్నది. ఒకే మాటని చివర ర్ పెట్టి పలికితే ఉరితాడుకి వేలాడినవాడు, ర్ తీసేసి "ఆ" అని వదిలేస్తే మెడలో బంగారు తాడు వేసుకుని క్లబ్బుల్లో తిరిగేవాడు అని, ఇంచుమించు ఆ అర్థం వచ్చేలా. మనకీ ఉరితాడూ తాడే, పుస్తెలతాడూ తాడే కాబట్టి తెలుగులోకి హాయిగా దిగిపోయింది. నా అనుమానం ఏంటంటే, ఆయన అన్నది గ్యాంగ్‌స్టర్, గ్యాంగ్‌స్టా గురించేనా? ముఠాల, నేరాల కథలు చెప్పే ర్యాప్‌కి మన పత్రికల్లో ఒకచోట గ్యాంగ్‌స్టర్ ర్యాప్ అనీ, ఇంకోచోట గ్యాంగ్‌స్టా ర్యాప్ అనీ కనిపిస్తుంది. ఒక వ్యాసం రాస్తున్నాను, ఏది రాయాలో తేల్చండి.

శకటరేఫం:
గ్యాంగ్‌స్టా గురించి కాదండీ. బానిసత్వం రోజుల నుంచి నల్లవాళ్ళ మీద వాడుతున్న తిట్టు ఒకటుంది, లాస్ ఏంజిలిస్ పక్కనున్న కాంప్టన్ ర్యాప్ బృందం ఎన్.డబ్ల్యు.ఏ. పేరులో మొదటి అక్షరం దానిదే. టుపాక్ మాట్లాడింది ఆ తిట్టు గురించి. దాన్ని తెచ్చి గ్యాంగ్‌స్టాకి అతికిస్తే కుదరదు. ఇక్కడ ర్ పోయింది అర్థం కోసం కాదు, నోటి వాటం, అంతే. అమెరికా దక్షిణాదిలో తెల్ల భూస్వాములూ మాట చివర ర్ పలికేవాళ్ళు కాదు, ఆగ్నేయ ఇంగ్లండ్‌లో ఇప్పటికీ పలకరు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో లూసియానా, టెక్సస్‌ల నుంచి ఫ్యాక్టరీ పనుల కోసం లాస్ ఏంజిలిస్ చేరిన నల్ల కుటుంబాలు ఆ పలుకుబడిని వెంట తెచ్చుకున్నాయి. మన క్రొత్త కొత్త కాలేదా, ప్రొద్దు పొద్దు, మ్రింగు మింగు కాలేదా? అర్థం ఏమైనా మారిందా?

ఓక్లాండ్ తెలుగు:
నోటి వాటమే అయితే నోట్లోనే ఉండిపోవాలిగా అన్నా, రికార్డు అట్ట మీదకి ఎందుకెక్కింది? 1988లో వచ్చిన ఎన్.డబ్ల్యు.ఏ. వాళ్ళ "స్ట్రెయిట్ అవుటా కాంప్టన్" ఆల్బంలో ఒక పాట పేరే "గ్యాంగ్‌స్టా గ్యాంగ్‌స్టా". ఎవరో పొరపాటున ర్ మర్చిపోయి అచ్చేయలేదు. ఆల్బం పేరులో కూడా "అవుట్ ఆఫ్"ని "అవుటా" చేసి పెట్టారు చూడండి. బడిలో తప్పని కొట్టేసే స్పెల్లింగుని పెద్దక్షరాల్లో వేసుకోవడం అంటే అది కావాలని చేసిన పని.

ఇంకా వెనక్కి వెళ్తే 1985లో ఫిలడెల్ఫియాలో స్కూలీ డీ అనే ర్యాపర్ పాట ఉంది, "పీ.ఎస్.కే., వాట్ డజ్ ఇట్ మీన్?" అని. పాట పేరే అర్థం అడుగుతోంది! పీ.ఎస్.కే. అంటే పార్క్ సైడ్ కిల్లాస్, వాళ్ళ పేటలోని ముఠా. అక్కడా ర్ లేదు. పెద్ద ఖాళీ హాల్లో కొట్టినట్టు మోగే డ్రమ్ మెషీను, దాని మీద ఏ తొందరా లేని గొంతు. ఆ పాట విన్నాకే లాస్ ఏంజిలిస్ ర్యాపర్ ఐస్-టీ 1986లో "సిక్స్ ఇన్ ద మార్నిన్" చేశాడు, ఆ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. తెల్లారి ఆరింటికి పోలీసులు తలుపు కొట్టడంతో కథ మొదలవుతుంది. రికార్డులో అది రెండోవైపు పాట, మొదటివైపు పాట ఇప్పుడు ఎంతమందికి గుర్తుందో మీకే తెలుసు. మార్నింగ్‌లో చివరి అక్షరం పోయిందని విడిగా చెప్పక్కర్లేదు.

శకటరేఫం:
ఐస్-టీ పేరు మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. 1991లో ఆయన ఆల్బం "ఓ.జీ. ఒరిజినల్ గ్యాంగ్‌స్టర్". అట్ట మీద నిండుగా ర్‌తో ఉంది. కావాలని తీసేసే మాటే అయితే ఆ దారి వేసినవాళ్ళలో ఒకడైన ఐస్-టీ ఎందుకు తీయలేదు?

ఓక్లాండ్ తెలుగు:
అది ఒరిజినల్ అని చెప్పుకోవడానికి. మొదటి తరం వాడిని కాబట్టి మొదటి స్పెల్లింగ్ నాదే అని. ఏడాది తిరిగాక 1992 డిసెంబర్‌లో ఎన్.డబ్ల్యు.ఏ.లో ఒకడైన డాక్టర్ డ్రే ఆల్బం "ద క్రానిక్" వచ్చేసరికి ఈ సంగీతాన్ని జీ-ఫంక్ అన్నారు, జీ అంటే గ్యాంగ్‌స్టానే. ముందు ర్ పోయింది, తర్వాత మాట మొత్తం పోయి ఒక్క జీ మిగిలింది. డెబ్బైల నాటి ఫంక్ బృందం పార్లమెంట్-ఫంకడెలిక్ బేస్ వరసలు కింద మెల్లగా సాగుతుంటే పైన సన్నటి సింథసైజర్ ఈల. ఎన్.డబ్ల్యు.ఏ. సైరన్ల గోల పోయి ఎండలో కారు అద్దాలు దించుకుని వినే సంగీతం అయింది. శివారుల్లోని తెల్లపిల్లల ఇళ్ళలోకి ఇది బాగా చొరబడింది అప్పుడే. మొన్న 2025లో మన పవన్ కల్యాణ్ సినిమాలో ఓజీ అంటే ఓజస్ గంభీర అని సంస్కృతం తొడిగారు. ఆ రెండక్షరాలు ఎంత దూరం వచ్చాయో చూడండి.

చింతచిగురు:
మీ ఇద్దరూ ర్ దగ్గరే ఆగిపోయారు. అసలు ఎన్.డబ్ల్యు.ఏ. వాళ్ళు తమ పాటని పిలుచుకున్నది రియాలిటీ ర్యాప్ అని. గ్యాంగ్‌స్టా ర్యాప్ అని ముద్ర కొట్టింది పత్రికలు, ఆ "గ్యాంగ్‌స్టా గ్యాంగ్‌స్టా" పాట పేరు పట్టుకుని. అంటే ఒక పాటలో ఒక పాత్ర వేసుకున్న పేరుని తీసి మొత్తం కవిత్వానికి అంటించారు.

ఆ పాత్ర కొత్తది కూడా కాదు. 1895 క్రిస్మస్ రాత్రి సెయింట్ లూయిస్‌లో లీ షెల్టన్ అనేవాడు ఒక బారులో టోపీ తగాదాలో బిల్లీ లయన్స్‌ని కాల్చేశాడు. అది పాటైంది. స్టాగర్ లీ, స్టాగోలీ, స్టాక్ ఓ లీ, ఊరికో పేరు. జైళ్ళలో, బార్బర్ షాపుల్లో గంటలకొద్దీ ఆశువుగా చెప్పే "టోస్ట్"లలో వాడు నేనంతటివాడిని, నేనింతమందిని చంపాను అని రొమ్ము విరుచుకుంటాడు. చెప్పేవాడు ఆ రాత్రికి స్టాగోలీ అవుతాడు, తెల్లారి పనికి పోతాడు. ఎన్.డబ్ల్యు.ఏ.లో పాటలు రాసిన ఐస్ క్యూబ్ అదే పరంపర. ఆయన కాంప్టన్ వాడు కాదు, లాస్ ఏంజిలిస్‌లోని సౌత్ సెంట్రల్ వాడు. ఆల్బంకి ముందు అరిజోనా వెళ్ళి భవనాల ప్లాన్లు గీయడం నేర్చుకుని వచ్చాడు. నా దృష్టిలో గ్యాంగ్‌స్టర్ అంటే నేరం చేసినవాడు, గ్యాంగ్‌స్టా అంటే నేరం చేసినవాడి గొంతుతో పాడేవాడు. తేడా అక్కడుంది.

శకటరేఫం:
అందమైన సిద్ధాంతం, కాదనను. కానీ కాంప్టన్ వీధిలో నిజంగా ముఠాలో తిరిగే కుర్రాడు తనని తాను ఏమని చెప్పుకుంటాడు? గ్యాంగ్‌స్టా అనే. వాడు పాడేవాడు కాదుగా. ఒకే నోట్లో ఒకే పలుకు, రెండు అర్థాలు మీరు తర్వాత పంచిపెట్టారు.

చింతచిగురు:
పంచింది నేను కాదు, ఎఫ్‌బీఐ పంచలేకపోయింది. 1989 ఆగస్టులో వాళ్ళ అసిస్టెంట్ డైరెక్టర్ మిల్ట్ ఆలెరిక్ రికార్డు కంపెనీ ప్రయారిటీ రికార్డ్స్‌కి ఉత్తరం రాశాడు, "స్ట్రెయిట్ అవుటా కాంప్టన్"లోని ఒక పాట పోలీసుల మీద హింసని రెచ్చగొడుతోందని. పాట పేరు మాత్రం ఉత్తరంలో రాయలేదు. ఆ పాట కట్టిన తీరు చూడండి. అది కోర్టు సీను. డాక్టర్ డ్రే జడ్జి. బృందంలోని ఐస్ క్యూబ్, ఎం.సి. రెన్, ఈజీ-ఈ ఒకరి తర్వాత ఒకరు వచ్చి సాక్ష్యం ఇస్తారు. చివర్లో దోషిగా తేలేది పోలీసు. బయట కోర్టులో తమకి ఎప్పుడూ దొరకనిది పాటలో నాటకంగా ఆడుకున్నారు. మూడేళ్ళు తిరక్కుండా, 1992 ఏప్రిల్ 29న, రాడ్నీ కింగ్ అనే నల్లవాడిని కొట్టిన పోలీసులు నిర్దోషులని తీర్పు వచ్చింది, వీడియో ఉండి కూడా. లాస్ ఏంజిలిస్ తగలబడింది.

ఏటిగట్టు:
పాత్ర, గొంతు అని చదువుతుంటే ఇష్టంగానే ఉంది, ఎందుకంటే నేనూ ఈ పాటలు విని పెరిగినదాన్నే. కానీ ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఈ ర్ సిద్ధాంతం నాకు సరిపోదు. అదే డాక్టర్ డ్రే 1991లో టీవీ జర్నలిస్టు డీ బార్న్స్‌ని ఒక పార్టీలో కొట్టాడు, కోర్టులో పోరాడకుండా శిక్షకి తలవంచాడు. అది ఏ పాత్ర? పాటల్లో ఆడవాళ్ళకి వాడిన మాటల మీద మొదట గట్టిగా నిలబడినవాళ్ళలో నల్లజాతి స్త్రీలే ఉన్నారు. పౌరహక్కుల పోరాటం నుంచి వచ్చిన సి. డెలోరెస్ టక్కర్ గట్టిగా ఉద్యమం నడిపారు, ఒత్తిడి ఎంత పెరిగిందంటే 1995లో టైమ్ వార్నర్ ఈ పాటలు విడుదల చేసే ఇంటర్‌స్కోప్ కంపెనీలో తన వాటా అమ్మేసుకుంది. నల్లజాతి స్త్రీవాద రచయిత్రి బెల్ హుక్స్ మాత్రం 1994లో ఇంకో కోణం పట్టుకున్నారు, ఈ ద్వేషం ఈ కుర్రాళ్ళు కనిపెట్టింది కాదు, మొత్తం అమెరికా సమాజానిదే, వాళ్ళు అమ్మకానికి పెట్టిన రూపం ఇది, నింద మొత్తం వాళ్ళ నెత్తిన వేసి మిగతావాళ్ళు చేతులు దులుపుకుంటున్నారు అని. నేను ఆవిడ పక్షం. అలాగని డీ బార్న్స్‌ని మర్చిపోను.

నల్లరేగడి:
ఏటిగట్టు గారు చెప్పింది వ్యాసంలో పెడతాను. కానీ నా ప్రశ్న, ర్ పెట్టాలా వద్దా?

చింతచిగురు:
దానికే వస్తున్నా, కాస్త పక్కదారిలో. చివరి అక్షరం ఎంత పని చేస్తుందో తెలియాలంటే గ్వెండొలిన్ బ్రూక్స్‌ని చదవాలి. ర్యాప్ పుట్టకముందు కవి, పులిట్జర్ బహుమతి అందుకున్న మొదటి నల్ల రచయిత్రి, 1950లో. ఆవిడ చికాగో వాడల్లోనే బతికి, ఆ వాడల్నే రాశారు. "వీ రియల్ కూల్" ఎనిమిది పంక్తుల కవిత. గోల్డెన్ షవల్ అనే చోట పూల్ ఆడుతున్న ఏడుగురు కుర్రాళ్ళు, బడి ఎగ్గొట్టినవాళ్ళు, మేం ఇంతటివాళ్ళం అంతటివాళ్ళం అని చెప్పుకుంటారు. గ్యాంగ్‌స్టా ర్యాప్ కుర్రాడు అప్పటికే అక్కడ ఉన్నాడు. ప్రతి పంక్తి చివరా "వీ" అని, అంటే మేము అని, వేలాడుతుంది, క్రియ కింది పంక్తిలో పడుతుంది. ఆఖరి పంక్తికి మాత్రం చివర ఆ "వీ" లేదు, ఎందుకంటే త్వరలో చచ్చిపోతాం అన్నాక మేము అనేవాళ్ళే మిగలరు. ఆ "వీ"ని మెల్లగా పలకాలని ఆవిడే చెప్పారు, ఆ పిల్లలకి తాము ఉన్నామన్న నమ్మకం గట్టిగా లేదు కాబట్టి.

ఓక్లాండ్ తెలుగు:
ఆవిడ చదివిన రికార్డింగ్ విన్నారా అక్కా? "వీ" దాదాపు మింగేస్తారు. పేజీ మీద అది పంక్తిలో అన్నిటికంటే బరువైన చోట ఉంది, గొంతులో అన్నిటికంటే తేలిగ్గా ఉంది. టుపాక్‌ది దానికి పూర్తిగా తలకిందులు, ఎప్పుడూ చివరి మాట మీదే ఒత్తు. బాల్టిమోర్‌లో కళల బడిలో షేక్‌స్పియర్ నాటకాలు వేసినవాడు, ఒత్తు ఎక్కడ వేయాలో తెలిసినవాడు. పెరూలో స్పెయిన్ మీద తిరగబడ్డ తుపాక్ అమారు పేరు పెట్టింది వాళ్ళమ్మ, ఆవిడ నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ మనిషి. 1995లో జైల్లో ఉండగా ఆయన ఆల్బం అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది, మరుసటేడు సెప్టెంబరులో లాస్ వెగాస్‌లో కాల్చి చంపారు, పాతికేళ్ళకే. అమ్మ మీద రాసిన "డియర్ మామా" ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచిన రికార్డింగుల్లో ఉంది.

శకటరేఫం:
బ్రూక్స్‌ని తెచ్చినందుకు చింతచిగురు గారికి దండం, కానీ ఆవిడ నా వైపు సాక్ష్యం. "వీ"ని మెల్లగా పలికినా అర్థం మేమే కదా, ఇంకోటి కాలేదు.

ఏటిగట్టు:
అర్థం మారుతుందా లేదా అన్నది కోర్టులో కూర్చున్న కుర్రాడిని అడగాలి. అమెరికాలోని జార్జియాలో ర్యాపర్ యంగ్ థగ్ కేసులో పాటల్లోని పంక్తులని సాక్ష్యంగా చదవడానికి 2023లో జడ్జి ఒప్పుకున్నాడు. కాలిఫోర్నియాలో ఆ బాధ తగ్గించడానికి 2022లో చట్టమే చేశారు, పాటని సాక్ష్యంగా వాడే ముందు అది కళ అన్న సంగతి జడ్జి తూచి చూడాలని. ప్రాసిక్యూటర్ "నేను" అన్న మాట వినగానే ర్ పెట్టి రాసుకుంటాడు. అందుకే వ్యాసంలో ర్ లేకుండా రాయండి, నేను చింతచిగురు గారి పక్షం.

నల్లరేగడి:
సరే, సంగీతానికి గ్యాంగ్‌స్టా ర్యాప్ అని రాస్తాను, ఐస్-టీ ఆల్బం పేరు మాత్రం ర్‌తోనే ఉంచుతాను. టుపాక్ మాట వ్యాసంలోంచి తీసేస్తున్నా, అది వేరే మాట గురించి కాబట్టి.

శకటరేఫం:
తీయకండి, ఆ మాట కిందే వివరం రాయండి. బంగారు తాడు ఉన్న చోటే ర్ లేదన్నది చదివేవాళ్ళకి తెలియాలి. నా అభ్యంతరం అలాగే ఉంది, గ్యాంగ్‌స్టా అన్నది పలుకుబడే. ప్రొద్దు, పొద్దు మీద విడిగా పోస్టు పెడతాను, ఓక్లాండ్ గారు అక్కడికి రండి.

ఓక్లాండ్ తెలుగు:
వస్తా. పద్యంలో ప్రొద్దు, జానపదంలో పొద్దు ఎందుకు నిలిచాయో ముందు చెప్పండి, అప్పుడు అర్థం మారలేదని ఒప్పుకుంటాను.