ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత ఆరో నెలలో మ్యాట్ ఎక్కొచ్చా?

రైడర్, వరంగల్:
కబడ్డీ ఆడుతూ కుడి మోకాలి ఏసీఎల్ (తొడ ఎముకను కింది కాలి ఎముకతో కలిపి పట్టి ఉంచే లిగమెంటు) తెగింది. తొడ వెనకుండే హ్యామ్‌స్ట్రింగ్ నుంచి తీసిన ముక్కను (గ్రాఫ్ట్) దాని స్థానంలో వేసి ఆపరేషన్ చేశారు. ఇప్పుడు ఐదో నెల. వాపు లేదు, నొప్పి లేదు, తిన్నగా పరుగెత్తగలుగుతున్నాను. వచ్చే నెల జిల్లా సెలక్షన్స్ ఉన్నాయి. కోచ్ రమ్మంటున్నారు, ఫిజియో వద్దంటున్నారు. ఇంట్లో అందరూ స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్నారు. ఏం చేయమంటారు?

లెఫ్ట్ కార్నర్:
వెళ్లు తమ్ముడూ. రెజ్లర్ వినేశ్ ఫోగట్‌కు 2023 ఆగస్టులో మోకాలి ఆపరేషన్ అయింది. 2024 ఫిబ్రవరిలోనే జైపూర్ జాతీయ పోటీల్లో స్వర్ణం గెలిచింది, ఆగస్టుకల్లా పారిస్ ఒలింపిక్స్ ఫైనల్ దాకా వెళ్లింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అడ్రియన్ పీటర్సన్‌కు 2011 డిసెంబరులో ఏసీఎల్ తెగితే, 2012 సీజన్ మొదటి మ్యాచ్‌కే దిగి ఆ ఏడాది మ్యాచ్‌ల్లో బంతితో 2,097 గజాలు పరుగెత్తాడు. సెలక్షన్ పోతే మళ్లీ ఏడాది ఆగాలి. వయసు మాత్రం ఆగదు. పేదింటి ఆటగాడికి ఒక సీజన్ అంటే ఏమిటో అందరికీ అర్థం కాదు.

స్పోర్ట్స్ ఫిజియో:
సీజన్ విలువ తెలుసు కాబట్టే వద్దంటున్నాను. నొప్పి, వాపు తగ్గాయంటే మోకాలు కుదుటపడిందనే అర్థం, గ్రాఫ్ట్ సిద్ధమైందని కాదు. వేసిన రోజు అది గట్టిగానే ఉంటుంది. తర్వాత రక్తసరఫరా లేక మొదటి రెండు మూడు నెలల్లో బలహీనపడుతుంది. కొత్త రక్తనాళాలు వచ్చాక నెమ్మదిగా లిగమెంటులా మారుతుంది. ఆ మార్పు ఏడాది దాటినా సాగుతూనే ఉంటుంది.

2016లో వచ్చిన డెలావేర్-ఓస్లో అధ్యయనం చూడండి. తొమ్మిది నెలల వరకు ఆటను ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మోకాలు మళ్లీ దెబ్బతినే ముప్పు దాదాపు సగానికి తగ్గింది. బలం, గెంతు పరీక్షలు పాసై ఆటకు దిగినవాళ్లలో 5.6 శాతం మందికే మళ్లీ గాయమైతే, పాస్ కాకుండా దిగినవాళ్లలో అది 38.2 శాతం.

వినేశ్, పీటర్సన్ తిరిగొచ్చారు, నిజమే. తొందరపడి వెళ్లి రెండోసారి తెగ్గొట్టుకున్న జిల్లా ఆటగాళ్ల గురించి ఏ పత్రికా రాయదు. పైగా పీటర్సన్ దిగింది ఎనిమిది నెలలు దాటాక.

లెఫ్ట్ కార్నర్:
లెక్కలు బాగున్నాయి సార్. కానీ కండరం బలం కొలిచే మిషన్ మా జిల్లాలో ఎక్కడుంది? హైదరాబాద్ వెళ్లడానికి, ఉండడానికి డబ్బులెవరిస్తారు?

స్పోర్ట్స్ ఫిజియో:
న్యాయమైన మాట. మిషన్ లేకపోయినా కొంత తెలుసుకోవచ్చు. ఒంటికాలి మీద లెగ్ ప్రెస్ ఎంత బరువు తోయగలడు, ఒంటికాలితో ఎంత దూరం గెంతగలడు అన్నవి రెండు కాళ్లకూ చూసి పోల్చాలి. ఆపరేషన్ అయిన కాలికి మంచి కాలితో పోలిస్తే కనీసం 90 శాతం రావాలి. ఇన్నాళ్లూ ఆట లేక మంచి కాలు కూడా నీరసించి ఉంటుంది, కాబట్టి ఆ 90 ఒక్కటే చూసుకుని ధైర్యపడకూడదు. గెంతు దూరం బాగానే వచ్చినా తొడ ముందు కండరం ఇంకా వెనకబడి ఉండొచ్చు.

తమ్ముడూ, నీ విషయంలో ఇంకొకటి ఉంది. గ్రాఫ్ట్ తీసింది హ్యామ్‌స్ట్రింగ్ నుంచి. డిఫెండర్ యాంకిల్ హోల్డ్ (చీలమండ పట్టు) పట్టినప్పుడు కాలు మడిచి వెనక్కి లాక్కోవాల్సింది ఆ కండరంతోనే. పాదం మ్యాట్‌కు అతుక్కుని ఒళ్లు మాత్రం తిరిగిపోయే క్షణంలోనే ఏసీఎల్ తెగుతుంది. తిన్నగా పరుగెత్తినంత మాత్రాన దానికి సిద్ధమైనట్టు కాదు.

మహిళల జట్టు కోచ్:
మా అమ్మాయిలకు నేను చెప్పేది ఒకటే. ముందు దిశ మార్చి పరుగెత్తడం, తర్వాత ఎవరూ పట్టుకోకుండా రైడ్, ఆ తర్వాతే ట్యాకిల్. సెలక్షన్స్‌లో ఈ వరస కుదరదు, మొదటి రైడ్‌కే నలుగురు మీద పడతారు. కమిటీకి మెడికల్ రిపోర్ట్ ఇచ్చి నీ పాత రికార్డు చూడమని అడుగు బాబూ. ఒప్పుకుంటారని చెప్పలేను.

లెఫ్ట్ కార్నర్:
ఒప్పుకోకపోతే? అప్పుడూ నేను వెళ్లమనే అంటాను.

రైడర్, వరంగల్:
సోమవారం ఫిజియో దగ్గర ఒంటికాలి పరీక్షలు చేయించుకుంటాను. ఎంత వచ్చిందో ఇక్కడ పెడతాను. కోచ్‌కు మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు.