అమ్మకాలు ఉన్నాయి, చేతిలో డబ్బు లేదు: కార్టన్ బాక్సుల యూనిట్‌కి అప్పు తీసుకోవచ్చా?

అట్టపెట్టె_517 అడిగారు:

గాజులమండ్యం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మాది చిన్న కార్టన్ బాక్సుల యూనిట్. 3 ప్లై, 5 ప్లై (మూడు పొరలవి, ఐదు పొరలవి) రెండూ చేస్తాం. జీఎస్టీ కాకుండా నెలకు 12 లక్షల అమ్మకం. అందులో సుమారు 7.8 లక్షలు బాక్సులు చేసే క్రాఫ్ట్ పేపర్‌కే పోతుంది. కొనేది చిత్తూరు వైపు మామిడి పల్ప్ ఫ్యాక్టరీలు, తిరుపతిలో ఊరగాయలు, స్వీట్లు ప్యాక్ చేసేవాళ్లు, కొంత చిల్లర ఆర్డర్లు.

ట్యాలీలో లాభం కనిపిస్తా ఉంది, జీతాల రోజు వస్తే మాత్రం వెతుక్కోవాల్సిందే. పార్టీలు 90 నుంచి 120 రోజులకు గానీ డబ్బు వెయ్యరు. పేపర్ మిల్లు 15 రోజులు దాటితే రీళ్లు ఎక్కించదు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి క్రాఫ్ట్ పేపర్ మీద జీఎస్టీ 12 నుంచి 18కి పెరిగింది, బాక్సు మీద 12 నుంచి 5కి తగ్గింది. కొనుగోళ్ల మీద కట్టిన పన్ను జమయ్యే జీఎస్టీ క్రెడిట్ లెడ్జర్‌లో అంకె పెరుగుతానే ఉంది, వాడుకోవడానికి దారి లేదు.

ఒక ఫైనాన్స్ కంపెనీ తాకట్టు లేకుండా 10 లక్షలు ఇస్తానంటోంది: 12 శాతం ఫ్లాట్, 24 నెలలు. తీసుకోవచ్చా? గూగుల్‌లో, వాట్సాప్‌లో కొత్త పార్టీలను పట్టుకుంటే సరిపోతుందని తమ్ముడు అంటాడు. ఏది ముందు చెయ్యాలి?

పద్దుల_పుస్తకం జవాబు:

ముందు ఆ 10 లక్షల సంగతి. 12 శాతం ఫ్లాట్ అంటే రెండేళ్లకు వడ్డీ 2.4 లక్షలు, కిస్తీ నెలకు 51,667 రూపాయలు. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మొత్తం 10 లక్షల మీదే కడుతుంటారు కాబట్టి, బ్యాంకు లెక్కలో అది దాదాపు 21.5 శాతం. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్ పేరుతో ముందే కొంత కోసుకుంటే ఇంకా పైకి పోతుంది. సంతకం పెట్టేముందు ఒకే మాట అడగండి: ‘చేతికి ఎంత వస్తుంది, మొత్తం ఎంత కట్టాలి, ఏపీఆర్ (ఫీజులు కూడా కలిపిన అసలు వార్షిక వడ్డీ) ఎంత?’ ఆ అంకె కాగితం మీద ఇవ్వకపోతే వదిలెయ్యండి.

మీ డబ్బు రెండు చోట్ల ఇరుక్కుంది. మొదటిది బాకీలు. జీఎస్టీతో కలిపి నెలకు 12.6 లక్షల బిల్లులు, సగటున 100 రోజుల అప్పు అంటే 42 లక్షలు పార్టీల దగ్గరే ఉన్నాయి. మిల్లు మీకు 15 రోజులకు ఇచ్చే అప్పు 4.6 లక్షలు మాత్రమే. మధ్యలో ఉన్న తేడాను మీరే మోస్తున్నారు. అమ్మకం పెరిగితే ఈ బరువు కూడా అదే లెక్కన పెరుగుతుంది, అందుకే ఆర్డర్లు ఎక్కువైన నెలలోనే ఎక్కువ ఇబ్బంది పడతారు.

రెండోది జీఎస్టీ. ఇది మీ హక్కు, అడిగి తీసుకోవాలి. ముడిసరుకు మీద పన్ను ఎక్కువ, అమ్మే వస్తువు మీద తక్కువ ఉంటే మిగిలిపోయే క్రెడిట్‌ను జీఎస్టీ చట్టం సెక్షన్ 54(3) కింద రీఫండ్ అడగొచ్చు. లెక్క రూల్ 89(5)లో ఉంది. మీ అంకెలతో చూద్దాం:

పేపర్, గమ్, ఇంక్ లాంటి సరుకుల మీద క్రెడిట్ 1,40,400. రవాణా, అద్దె లాంటి సేవల మీద 15,000 అనుకుందాం. మొత్తం 1,55,400. అమ్మకాల మీద పన్ను 5 శాతం చొప్పున 60,000. ఈ 60,000లో సరుకుల వాటా 1,40,400 ÷ 1,55,400 చొప్పున 54,208. రీఫండ్ 1,40,400 నుంచి అది తీసేస్తే 86 వేల పైచిలుకు. ఒక్క నెలకు. సేవల మీది క్రెడిట్, మెషీన్ల మీది క్రెడిట్ ఇందులో రావు, అవి లెడ్జర్‌లోనే ఉండిపోతాయి.

రీఫండ్ దరఖాస్తు ఫారం ఆర్‌ఎఫ్‌డీ-01 వేసేటప్పుడు దెబ్బ తినేది ఇక్కడ:

- మీరు తీసుకున్న క్రెడిట్, మీకు అమ్మినవాళ్ల రిటర్న్‌ల నుంచి తయారయ్యే జీఎస్‌టీఆర్-2బీలో కనబడాలి. మిల్లు రిటర్న్ వెయ్యకపోతే ఆ బిల్లుకు రీఫండ్ రాదు.
- ఆ కాలానికి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 3బీ (పన్ను లెక్క) రిటర్న్‌లు రెండూ వేసి ఉండాలి. మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతిలో ఉంటే రీఫండ్ కూడా మూడు నెలలకోసారే.
- కటింగ్ వేస్ట్ అమ్మకాన్ని మొత్తం టర్నోవర్‌లో కలపడం చాలామంది మర్చిపోతారు. అక్కడ తేడా వస్తే లోపాలు చూపే ఆర్‌ఎఫ్‌డీ-03 మెమో వస్తుంది. సరిచేసి మళ్లీ కొత్తగా వెయ్యాల్సిందే.
- ఆ కాలపు 3బీ గడువు తేదీ నుంచి రెండేళ్లలోపు వెయ్యాలి.

దరఖాస్తు పూర్తిగా ఉంటే 60 రోజుల్లో ఆర్డరు ఇవ్వాలి. ఆలస్యమైతే 6 శాతం వడ్డీ ఇవ్వాలి. రిస్క్ తక్కువని సిస్టమ్ గుర్తించిన దరఖాస్తులకు 90 శాతం ముందే ఇచ్చే ఏర్పాటు కూడా 2025 చివర్లో వచ్చింది. సెప్టెంబర్ నుంచి ఇప్పటిదాకా ఒక్కటీ వెయ్యకపోతే, ఆ ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే దాంట్లో పెద్ద భాగం మీ లెడ్జర్‌లోనే ఉన్నట్టు.

సీసీ_లిమిట్ జవాబు:

పైన చెప్పింది సరే, రీఫండ్ వచ్చేదాకా నడపాలి కదా. దానికి టర్మ్ లోన్ కాదు, క్యాష్ క్రెడిట్ (సీసీ: లిమిట్ లోపు కావాల్సినప్పుడు తీసుకుని, డబ్బు వచ్చినప్పుడు కట్టే బ్యాంకు ఖాతా) కావాలి. నెలనెలా కిస్తీ కట్టే అప్పుతో బాకీలను మోస్తే, పార్టీ డబ్బు వెయ్యకముందే కిస్తీ తేదీ వచ్చి కూర్చుంటుంది.

చిన్న యూనిట్లకు బ్యాంకులు టర్నోవర్ పద్ధతిలో లెక్కేస్తాయి: రాబోయే ఏడాది అమ్మకంలో 25 శాతం వర్కింగ్ క్యాపిటల్ అవసరం, అందులో 20 బ్యాంకు ఇస్తుంది, 5 మీరు పెట్టాలి. మీ 1.44 కోట్లకు 28.8 లక్షల లిమిట్ అడగొచ్చు, 7.2 లక్షలు మీవి. ఇల్లు తాకట్టు పెట్టమని మేనేజర్ అంటే చిన్న యూనిట్ల అప్పులకు హామీ ఉండే సీజీటీఎంఎస్‌ఈ గ్యారంటీ కింద పరిశీలించమని రాతపూర్వకంగా అడగండి. దానికి ఏటా ఫీజు ఉంటుంది, అయినా ఫ్లాట్ వడ్డీ అప్పు కన్నా చాలా నయం.

అయితే లిమిట్ ఎంత మంజూరైనా తీసుకోగలిగేది డ్రాయింగ్ పవర్ (స్టాకు, బాకీల విలువను బట్టి బ్యాంకు కట్టే పరిమితి) వరకే. 90 రోజులు దాటిన బాకీలను చాలా బ్యాంకులు లెక్కలోకి తీసుకోవు. స్టాకు 8 లక్షలు, మిల్లుకు ఇవ్వాల్సింది 4.6, బాకీలు 42, అందులో 90 రోజులు దాటినవి 14 అనుకోండి. స్టాకు మీద 25, బాకీల మీద 40 శాతం మార్జిన్ (మీ వాటాగా తీసేసేది) పట్టుకుంటే, మిల్లు బాకీ పోను స్టాకు మీద 2.55 ప్లస్ మిగిలిన 28 లక్షల బాకీల మీద 16.8, అంటే 19.35 లక్షలే. ఆ పాత 14 లక్షలు 90 రోజుల్లోపు ఉండి ఉంటే 27.75 వచ్చేది. మార్జిన్లు బ్యాంకును బట్టి మారతాయి, సూత్రం మాత్రం ఇదే: వసూలు ఆలస్యమైతే బ్యాంకు డబ్బు కూడా తగ్గుతుంది.

స్టాక్ స్టేట్‌మెంట్ నెలనెలా టైముకు ఇవ్వండి. సీసీ డబ్బుతో మెషీన్ కొనొద్దు, స్టిచింగ్ మెషీన్ అయినా సరే.

నలభైఐదు_రోజులు జవాబు:

అన్నా, మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉందా? లేకపోతే ఈ రోజే చెయ్యండి. ఉచితం, ఆధార్, పాన్, జీఎస్టీ నంబరు చాలు. 2025 ఏప్రిల్ 1 నుంచి మెషీన్ల పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్ల లోపు ఉంటే మైక్రో. డబ్బు అడిగే ఏజెంట్ల సైట్లు బోలెడు ఉన్నాయి, ప్రభుత్వ పోర్టల్‌లోనే చెయ్యండి. రిజిస్ట్రేషన్ తర్వాత పంపిన సరుకుకే రక్షణ అని పట్టుకుంటే గొడవ ఉండదు, అందుకే ఆలస్యం చెయ్యొద్దంటున్నా.

చిన్న పరిశ్రమల కోసం ఉన్న ఎంఎస్‌ఎంఈడీ చట్టం 2006 ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీ. మీరు 90 రోజులని ఒప్పుకుని సంతకం పెట్టినా చట్టం 45నే చూస్తుంది.

అందరి మీదా ఇది ఒకేలా పనిచెయ్యదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) నిబంధన వచ్చాక, గడువు దాటిన మైక్రో, స్మాల్ బాకీ మార్చి 31 నాటికి అలాగే ఉంటే కొన్నవాళ్లకు ఆ ఖర్చు ఆ ఏడాది తగ్గింపు రాదు. పల్ప్ ఫ్యాక్టరీ ఆడిటర్‌కి ఈ సంగతి బాగా తెలుసు. కంపెనీ అయితే 45 రోజులు దాటిన బాకీల వివరాలు ఆరు నెలలకోసారి ఎంఎస్‌ఎంఈ-1 ఫారంలో ఇవ్వాలి కూడా. కాబట్టి జనవరి చివర్లోనే బాకీ నిర్ధారణ లేఖ, ఉద్యమ్ సర్టిఫికెట్ కాపీ వాళ్ల అకౌంట్స్ సెక్షన్‌కు మెయిల్ చెయ్యండి. కొనుగోలు మేనేజర్‌కు చెయ్యొద్దు, ఆయనకు అది పట్టదు. అంచనా లాభం మీద పన్ను కట్టే చిన్న స్వీట్ల కొట్టుకు 43బీ(హెచ్) భయం ఉండదు. అక్కడ డిస్కౌంటే పనిచేస్తుంది.

బిల్లు మీద ఉద్యమ్ నంబరు, గడువు తేదీ రెండూ అచ్చు వెయ్యండి. ‘45 రోజులు’ అని కాదు, తేదీ వెయ్యండి. డెలివరీ చలానా మీద సీలు, సంతకం, తేదీ లేకపోతే రేపు చిన్న పరిశ్రమల బాకీల మీద ఫిర్యాదు తీసుకునే ప్రభుత్వ పోర్టల్‌కు వెళ్లినా మీ కేసు బలంగా ఉండదు. ఆ ఫిర్యాదు ఆఖరి మెట్టు, ఆ పార్టీతో మళ్లీ వ్యాపారం అక్కర్లేదనుకున్నప్పుడే.

ప్లై_లెక్క జవాబు:

కొత్త పార్టీల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. ముందు రేటు సరిగా కట్టండి, లేకపోతే గూగుల్ నుంచి వచ్చే ప్రతి ఆర్డరూ నష్టమే.

లోపలి కొలత 400 × 300 × 250 మిల్లీమీటర్ల 3 ప్లై బాక్సు. షీటు పొడవు 2 × (400 + 300) + జాయింటు 40 = 1,440. వెడల్పు 300 + 250 = 550. వైశాల్యం 0.792 చదరపు మీటరు. మూడు పొరలూ 150 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) అయితే, మధ్యలో అలల్లా ఉండే పొర, అంటే ఫ్లూట్‌కు సుమారు 1.4 రెట్లు పేపర్ పడుతుంది: 150 + 210 + 150 = 510. బాక్సు బరువు 404 గ్రాములు, 5 శాతం వేస్ట్‌తో 424. పేపర్ కిలో 40 రూపాయలు అనుకుంటే 17 రూపాయలు. గమ్, కరెంటు, కూలీ, ప్రింటింగ్, రవాణా కలిపి 26కి అమ్మి 5 శాతం మిగిలితే, మీకు దక్కేది 1.30.

ఇప్పుడు 90 రోజుల అప్పు లెక్క వెయ్యండి. ఏడాదికి 12 శాతం సొమ్ముతో మోస్తే 3 శాతం, అంటే 78 పైసలు. 21.5 శాతం సొమ్ముతో మోస్తే 1.40. ఉన్న లాభం కన్నా ఎక్కువ! అందుకని కొటేషన్‌లో రెండు రేట్లు ఇవ్వండి: 7 రోజుల్లో అయితే 2 శాతం తగ్గింపు, 45 రోజులకు అసలు రేటు. 90 రోజుల డబ్బును 7 రోజులకు తెచ్చుకోవడానికి 2 శాతం ఇస్తే ఏడాదికి దాదాపు 9 శాతం పడుతుంది, మీకు దొరికే ఏ అప్పు కన్నా ఎక్కువ కాదు. కొటేషన్‌కు వారం గడువు పెట్టండి, పేపర్ రేటు ఆగదు.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో బోర్డు మీద ఉన్న పేరే రాయండి. పేరు పక్కన ‘తిరుపతి బెస్ట్ కార్టన్ బాక్స్’ అని తగిలిస్తే సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది. వెరిఫికేషన్‌కు వీడియో అడిగితే రోడ్డు, బోర్డు, లోపల మెషీన్లు, గేటు తాళం తీయడం అన్నీ కత్తిరించకుండా ఒకే షాట్‌లో తియ్యండి. ఫొటోల్లో ఖాళీ బాక్సుల కుప్ప కన్నా పక్కన స్కేలు పెట్టిన బాక్సు ఎక్కువ పనిచేస్తుంది.

వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లై ఒకటి పెట్టుకోండి: లోపలి కొలతలు, లోపల పెట్టే బరువు, ప్రింట్ రంగులు, నెలకు ఎన్ని. ఈ నాలుగూ చెప్పని వాళ్లకు రేటు ఇవ్వొద్దు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. మామిడి సీజన్ బాక్సుల శాంపిళ్లు ఫిబ్రవరి, మార్చిలోనే పంపాలి. మే నెలలో తిరిగితే అప్పు మీద సరుకు అడిగేవాళ్లే మిగిలి ఉంటారు.

అట్టపెట్టె_517:

అందరికీ ధన్యవాదాలు. ఫైనాన్స్ కంపెనీకి వద్దని చెప్పేస్తా, ఆడిటర్‌తో ఆర్‌ఎఫ్‌డీ-01 మాట్లాడతా. ఒక్క సందేహం. పల్ప్ ఫ్యాక్టరీవాళ్లు ‘బాక్సు మీద జీఎస్టీ 7 శాతం తగ్గింది కదా, రేటు తగ్గించండి’ అంటా ఉన్నారు. ఏం చెప్పాలి?

పద్దుల_పుస్తకం:

తగ్గిన పన్ను మేరకు బిల్లు ఇప్పటికే తగ్గింది, 100 రూపాయల సరుకుకు 112 కట్టేవాళ్లు ఇప్పుడు 105 కడుతున్నారు. వాళ్లు క్రెడిట్ తీసుకునే పార్టీ అయితే ముందు కట్టిన 12 కూడా తిరిగి వచ్చేదే, వాళ్లకు లాభనష్టం లేదు. మీకు మాత్రం రీఫండ్ రాని సేవల క్రెడిట్ నెలకు 9 వేల చొప్పున మిగిలిపోతోంది, 12 లక్షల మీద అది 0.75 శాతం. అసలు రేటు తగ్గించకండి. తగ్గింపు కావాలంటే 7 రోజుల్లో డబ్బు వెయ్యమనండి, పైన చెప్పిన 2 శాతం అదే. ఒప్పుకుంటే పాత బాకీ తీర్చాకే కొత్త రేటు అని ఆర్డరులో రాయించుకోండి.