690 గ్రాముల కార్బన్ సైకిల్ ఫ్రేము లక్షా అరవై వేలకి వస్తోంది, తీసుకోవచ్చా?

గండిపేట సైకిల్:
అందరికీ నమస్తే. ఉండేది హైదరాబాద్. నాది అల్యూమినియం రోడ్ బైక్, పెడల్స్‌తో కలిపి తొమ్మిదిన్నర కిలోలు. నా బరువు 78. వారంలో రెండు రోజులు ఓఆర్ఆర్ పక్కన సోలార్ ట్రాక్, ఆదివారం వీలైతే వికారాబాద్ అనంతగిరి. డల్లాస్‌లో ఉండే మా బావమరిది అక్కడ ఎవరో వాడిన కార్బన్ ఫ్రేము చూశాడు, 690 గ్రాములేనట, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుతో కలిపి మన లెక్కలో లక్షా అరవై వేలు పడుతుంది, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడు. ఇప్పుడున్న ఫ్రేము 1,300 గ్రాముల దాకా ఉంటుంది. సామానంతా దానికి మార్చేస్తే ఎక్కుళ్లలో తేడా తెలుస్తుందా? మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

పాత గేరు:
తమ్ముడూ, చెప్పకపోవడమే మంచిదైంది, ముందు ఈ లెక్క చూడు. నువ్వు, బైకు, నీళ్లు, బూట్లు, హెల్మెట్ అన్నీ కలిపి 90 కిలోలు అనుకుందాం. ఫ్రేము మారిస్తే తగ్గేది 600 గ్రాములు, అంటే నూటికి ఒక వంతు కూడా కాదు. 500 మీటర్ల ఎత్తు 200 వాట్లతో ఎక్కుతున్నావనుకో, గాలీ టైర్ల రాపిడీ పక్కనపెడితే దాదాపు 37 నిమిషాలు పడుతుంది. కొత్త ఫ్రేముతో అందులో తగ్గేది 15 సెకన్లు. అనంతగిరిలో అంత ఎక్కుడు కూడా లేదు. ఇక సోలార్ ట్రాక్ చదును, అక్కడ నువ్వు పోరాడేది గాలితో, బరువుతో కాదు. చేతులు కాస్త కిందికి పెట్టి మోచేతులు మడిస్తే వచ్చే లాభం ఆ ఫ్రేము ఇవ్వలేదు.

ఇంకో మాట, కంపెనీలు చెప్పే గ్రాముల్ని నమ్మేముందు ఏ సైజుకి చెప్పారో, పెయింటుతోనా పెయింటు లేకుండానా, హ్యాంగరూ (వెనక గేరు యంత్రం తగిలించే ముక్క) బోల్టులూ కలిపారా అని చూడాలి. పెళ్లిచూపుల ఫొటో లాంటిది అది.

విశాఖ ఘాట్:
మా అనంతగిరి వేరే అండి, అరకు దారిలోది. శృంగవరపుకోట దాటాక మొదలయ్యే ఘాట్‌లో వెయ్యి మీటర్లు ఎక్కారనుకున్నా పై లెక్క ప్రకారం మిగిలేది అర నిమిషమే. కానీ ఒక్కటి చెప్పాలి, తేలిక బైకు మీద లేచి నిలబడి తొక్కినప్పుడు అది కింద నుంచి పక్కపక్కలకి ఆడే తీరు వేరుగా ఉంటుంది, గడియారంలో కనపడకపోయినా ఒంటికి తెలుస్తుంది. నా దగ్గర అలాంటిది ఉంది, కొన్నందుకు నాకు బాధ లేదు. రేసు గెలుస్తానని కొనలేదు, ఇష్టపడి కొన్నాను. మీరూ అలా కొంటానంటే కొనండి, టైము తగ్గుతుందని మాత్రం మీకు మీరే సర్దిచెప్పుకోకండి.

గండిపేట సైకిల్:
మరి పెద్ద రేసుల్లో వాళ్లంతా తేలిక ఫ్రేములే కదా అన్నా వాడేది?

పాత గేరు:
వాళ్లకి యూసీఐ, అంటే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య, రూలు ఉంది, బైకు మొత్తం 6.8 కిలోల కంటే తగ్గకూడదు, 2000 నుంచీ అమల్లో ఉంది. ఈ మధ్య చాలా మంది ఏడు కిలోల పైచిలుకు బైకుల మీదే తొక్కుతున్నారు, ఎందుకంటే కొన్ని గ్రాములు పెరిగినా గాలిని చీల్చుకుపోయే ఆకారమే వాళ్లకి లాభం. 2020లో స్పెషలైజ్డ్ కంపెనీ వాళ్లు ఏథోస్ అనే బైకు ఒకటి తెచ్చారు, అందులో ఎస్-వర్క్స్ అనే పై రకం ఫ్రేము 56 సైజులో 585 గ్రాములని ప్రకటించారు, అప్పట్లో దాన్ని రేసుల కోసం కాదనే అమ్మారు. దీన్నిబట్టి చూసుకో.

పంక్చర్ రాజు:
బరువు సంగతి తర్వాత, ముందు మన రోడ్ల సంగతి మాట్లాడండి బ్రదర్. ఇలాంటి ఫ్రేముల్లో టాప్ ట్యూబ్ (సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య పై గొట్టం) గోడ మందం కొన్నిచోట్ల ఒక మిల్లీమీటర్ కూడా ఉండదు. తొక్కేటప్పుడు వచ్చే బలాన్ని బ్రహ్మాండంగా ఓర్చుకుంటుంది, పక్క నుంచి నొక్కితే మాత్రం ఓర్చుకోదు. నాది ఎలా పోయిందో వినండి. సర్వీసుకి ఇచ్చాను, షాపు కుర్రాడు అలవాటు కొద్దీ స్టాండు దవడలో సీట్ పోస్టుకి (సీటుని మోసే గొట్టానికి) బదులు టాప్ ట్యూబుని పెట్టి బిగించాడు. నేను పక్కనే టీ తాగుతున్నా. వేరుశనక్కాయ చితికినట్టు టక్ మని చిన్న చప్పుడు, అంతే. పైన పెయింటు మీద వెంట్రుకంత గీత. గోటితో రాస్తే తగులుతోంది, రూపాయి బిళ్లతో కొడితే మిగతా చోట్ల టిక్ టిక్ మంటున్నది అక్కడ మాత్రం డబ్ మంది. కుర్రాడి ముఖం చూసి ఏమీ అనలేకపోయాను, నేను కూడా ముందే చెప్పాల్సింది.

కాబట్టి తీసుకుంటే ఇవి గుర్తుంచుకోండి: ఎంత బలంగా బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్ లేకుండా సీట్ పోస్టు బోల్టు ముట్టుకోవద్దు, ఫ్రేము మీద ఎంత రాసుంటే అంతే, చాలావాటికి 5 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. గ్రీజుకి బదులు జారకుండా పట్టుకునే కార్బన్ పేస్ట్ రాయండి. కారు వెనక ట్యూబుని పట్టుకునే ర్యాకు వద్దు. సిగ్నల్ దగ్గర టాప్ ట్యూబు మీద కూర్చునే అలవాటుంటే మానుకోండి. అన్నిటికంటే ముఖ్యం, సెకండ్ హ్యాండ్ అంటున్నారు, వారంటీ మామూలుగా మొదట కొన్నవాళ్లకే ఉంటుంది. లోపల దెబ్బ తగిలిందో లేదో డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో చూస్తే తెలియదు. బిళ్లతో కొట్టి చూడడం కూడా అనుమానం పుట్టించడానికే పనికొస్తుంది, లేదని రుజువు చేయడానికి కాదు.

పాత గేరు:
అవునూ, ఆ ఫ్రేము చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకుదా, హబ్బు దగ్గర పళ్లేన్ని పట్టే డిస్క్ బ్రేకుదా? నీది ఏది?

గండిపేట సైకిల్:
నాది డిస్క్. అడిగి చెప్తా.

(సాయంత్రం) రిమ్ బ్రేకట అన్నా.

పాత గేరు:
అయితే సామానంతా మార్చేయడం కుదరదు తమ్ముడూ. నీ వెనక చక్రం హబ్బు (నడిమి భాగం) 142 మి.మీ. వెడల్పు, త్రూ యాక్సిల్ (ఫ్రేములోంచి దూర్చి బిగించే లావు ఇరుసు) అయ్యుంటుంది, దానిది 130 క్విక్ రిలీజ్ (లివరు తిప్పి విప్పే సన్న ఇరుసు). అంటే చక్రాలు కొత్తవి, బ్రేకులు కొత్తవి, నీవి నూనెతో పనిచేసే హైడ్రాలిక్ అయితే బ్రేకు లివర్లూ కొత్తవే. బాటమ్ బ్రాకెట్ (పెడల్స్ ఇరుసు తిరిగే బేరింగు) కూడా సరిపోకపోవచ్చు. లక్షా అరవై వేలు అడ్వాన్సు కింద లెక్క. సైజు సంగతి నువ్వు అసలు చెప్పనే లేదు, ఒంటికి సరిపడని ఫ్రేము ఎంత తేలికైనా నడుం నొప్పే.

నన్నడిగితే, ముందు టైర్లు మార్చు. ఇప్పుడు ఏమున్నాయి?

గండిపేట సైకిల్:
బైకుతో వచ్చిన 25 మి.మీ. వెడల్పువే, అంచులో ఇనప తీగ ఉండే వైరు బీడువి.

పాత గేరు:
మరింకేం. మంచి 28 టైర్లు వేయించు, మామూలు ట్యూబులు తీసి టీపీయూ అనే పల్చటి ప్లాస్టిక్ ట్యూబులు పెట్టు. మామూలుది ఒక్కోటి వంద గ్రాములు ఉంటే అవి నలభై లోపు, రెండిటికీ కలిపి 120 గ్రాములు అక్కడే పోయాయి. అంచులో తీగ లేని మడత టైర్లతో ఇంకొంత. అసలు లాభం బరువులో కాదు, టైరు సాఫీగా దొర్లడంలో, చదునులో కూడా తెలుస్తుంది. గాలి కొంచెం తక్కువ పెడితే స్పీడ్ బ్రేకర్ల దగ్గర చేతులకి కూడా సుఖం. పది పన్నెండు వేలల్లో అయిపోతుంది. కొనేముందు నీ ఫ్రేములో 28 పడుతుందో లేదో చూసుకో, టైరుకీ ఫ్రేముకీ మధ్య అన్ని వైపులా కనీసం 4 మి.మీ. ఖాళీ మిగలాలి. ఒక ఫ్రెండు దగ్గర 28 టైరున్న చక్రం అడిగి పెట్టి, సందులో 4 ఎంఎం ఆలెన్ కీ తిప్పి చూడు.

విశాఖ ఘాట్:
సీటు కింద బ్యాగు కూడా ఒకసారి తూకం వేయండి. నాది 900 గ్రాములొచ్చింది, అందులో రెండేళ్ల నాటి చిక్కీ ఒకటి.

గండిపేట సైకిల్:
బావమరిదికి వద్దని చెప్పేశా, రన్నింగ్ షూస్ తెమ్మన్నా. ఆఫీసులో ఒకరి చక్రం తెచ్చి చూశాను. ఫోర్కు దగ్గర 5 కూడా దూరింది, వెనక చైన్ స్టే (చక్రం పక్కన చైను వెంట ఉండే గొట్టం) దగ్గర 4 ఆడింది, 5 దూరలేదు. 28 పెట్టొచ్చు కదా?

పాత గేరు:
పెట్టేయ్.